గురకకీ గురకకీ ఫర్ఖ్ ఉంది

ఇంగ్లీషులో స్నోర్ అని ఒక మాట, స్నార్ట్ అని ఇంకో మాట. రెండూ ముక్కు చుట్టూ తిరిగేవే. రెండింటికీ మన తెలుగు పేపర్లలో, మన ఆస్పత్రి కాగితాల్లో దొరికే తర్జుమా మాత్రం తరచూ ఒకటే: గురక. ఉర్దూ వాళ్లం మేమేం తక్కువ తినలేదు. రెండింటికీ ఖర్రాటే అనేసి చేతులు దులుపుకుంటాం. ఇరవై ఏళ్లుగా డెస్కు మీద కూర్చుని ఇంగ్లీషు కాపీని తెలుగులోకి దించుతున్నవాణ్ణి, ఈ రెండు లఫ్జుల మీద నాకు ఒక పాత కక్ష ఉంది. పైకి చూస్తే చిన్న మసలా. డిక్షనరీ పిచ్చి ఉన్నవాడి సరదా అనిపిస్తుంది. కానీ ఒక్కోసారి జాన్ మీదికి తెచ్చే ఫర్ఖ్ ఇది. అందుకే ఇవాళ రాస్తున్నాను.

ముందు మాటల సంగతి చూద్దాం. స్నోర్ అంటే నిద్రలో వచ్చేది. మెలకువగా ఉన్న మనిషి స్నోర్ చేయలేడు, చేస్తే అది నటన. అది ఒకసారి వచ్చి ఆగేది కాదు, శ్వాసతో పాటు నడుస్తూనే ఉంటుంది, ఒక లయలో, రంపం కోతలాగా. అందులో మనిషి ఇరాదా ఏమీ లేదు. కోపంగా గురక పెట్టాడు, వెటకారంగా గురక పెట్టాడు అని ఎవరూ అనరు కదా.

స్నార్ట్ దానికి పూర్తిగా ఉల్టా. అది ఒక్క దెబ్బ. ముక్కులోంచి గాలి ఒక్కసారిగా ఫట్టున బయటికి కొట్టడమో, లోపలికి లాగడమో. గుర్రం చేస్తుంది, పంది చేస్తుంది, కొమ్ము విసిరే ముందు ఎద్దు చేస్తుంది. మనిషి మెలకువలో చేస్తాడు, నిద్రలోనూ చేస్తాడు. మెలకువలో చేస్తే దాని వెనక తప్పకుండా ఒక మతలబ్ ఉంటుంది. అత్తగారు చెప్పింది విని కోడలు ముక్కుతో హుఁ అంటే అది స్నార్ట్. నవ్వు ఆపుకుందామనుకుని ఆపుకోలేక ముక్కులోంచి తన్నుకొచ్చేది స్నార్ట్. మత్తుపొడిని ముక్కుతో ఎగబీల్చడమూ స్నార్టే. ఇన్ని రకాల స్నార్టులుంటే, మనకు దొరికింది ఒక్క గురక.

ఇప్పుడు మెషీన్ తర్జుమాలు వచ్చాక తమాషా ఇంకా పెరిగింది. ఒక విదేశీ నాయకుడు విలేఖరి ప్రశ్న విని స్నార్ట్ చేశాడని ఏజెన్సీ కాపీలో ఉంటే, మా కుర్రాడి స్క్రీన్ మీద ఆయన గురక పెట్టి జవాబిచ్చాడు. ప్రెస్ మీట్‌లో నిద్రపోయిన నాయకులు మనకు కొత్త కాదు గనక కుర్రాడికి అనుమానం కూడా రాలేదు. నేను దాన్ని "ఈసడించారు" అని మార్చాను. మార్చాక కూడా తృప్తి లేదు. ఎందుకంటే ఈసడించడంలో చప్పుడు లేదు. మొహం ఉంది, మాట ఉంది, ముక్కు లేదు.

ఇది గమనించాక నేను మన రెండు జబాన్‌లనీ కాస్త తడిమి చూశాను. తిరస్కారం చూపించడానికి తెలుగువాడు మూతి విరుస్తాడు, ముక్కు చిట్లిస్తాడు, పెదవి విరుస్తాడు. ఉర్దూవాడు నాక్ సికోడ్తాడు, నాక్ భౌఁ చఢాతాడు. అంటే మనం ఆ మనిషి మొహాన్ని చూస్తాం. ఇంగ్లీషువాడు వింటాడు. ముక్కు మన దగ్గరా ఉంది, కానీ అది కంటికి కనపడే ముక్కు, చెవికి వినపడే ముక్కు కాదు. ఇందులో ఒకరు గొప్ప, ఒకరు తక్కువ అని నేను అనటం లేదు. సిసకీ, సుబకీ, హిచ్కీ అని ఏడుపులో మూడు మెట్లు చూపించగల ఉర్దూని పట్టుకుని గరీబ్ జబాన్ అని ఎవరంటారు? చీదడం, ఎగబీల్చడం, వెక్కడం, రొప్పడం, బుసకొట్టడం ఉన్న తెలుగునీ అనలేం. మన ఖజానా మన దగ్గర ఉంది. దాన్ని ఎక్కడ తెరవాలో అక్కడ తెరవటం లేదు, అదే నా షికాయత్.

ఇంగ్లీషు వాళ్లు మాత్రం పుట్టినప్పటి నుంచీ ఈ రెంటినీ విడదీసి పెట్టుకున్నారా అంటే లేదు. పాత ఇంగ్లీషు పుస్తకాల కాలంలో స్నార్ట్ అనే మాటకు గురక పెట్టడం అనే అర్థం కూడా ఉండేది. తర్వాత్తర్వాత దారులు వేరయ్యాయి. అసలు ఆ భాషలో ముక్కు సంగతి వస్తే చాలు, మాట ముందు స్న అని వచ్చి కూర్చుంటుంది. స్నోర్, స్నార్ట్, స్నిఫ్, స్నఫ్, స్నాట్, స్నౌట్, స్నీర్. చివరికి తుమ్ము కూడా. తుమ్ముకి ఇప్పుడున్న స్నీజ్ అనే మాట ఒకప్పుడు ఫ్న అనే శబ్దంతో మొదలయ్యేది. ఆ ఫ్న ఇంగ్లీషు నోట్లోంచి జారిపోయాక, అది కూడా వెళ్లి స్న కుటుంబంలో చేరిపోయింది. దత్తపుత్రుడన్నమాట.

ఇలా ఒక శబ్దం ఒక అర్థాన్ని మోసుకుంటూ మాటల గుంపంతా తిరగడానికి 1930లో ఒక పేరు పెట్టినవాడు జె.ఆర్. ఫర్త్ అనే ఇంగ్లీషు భాషావేత్త. ఆ పేరు ఫొనెస్థీమ్. ఈ ఫర్త్ సాబ్ మనకు మరీ పరాయివాడు కాదు. 1920లలో లాహోర్‌లో పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా పనిచేశాడు. వెనక్కి వెళ్లిపోయాక 1937లో మళ్లీ మన గడ్డ మీదకు వచ్చాడు, గుజరాతీ, తెలుగు భాషల మీద పని చేయడానికి. తెలుగు నేర్చిన చెవి అది. ఆయన మన గురకని విన్నాడో లేదో గానీ, వింటే ఒక సంగతి పట్టేసి ఉండేవాడని నా నమ్మకం.

ఆ సంగతి ఇది. ఇంగ్లీషు వాడు గురకని ముక్కులో పెట్టాడు. స్న అంటూ ముక్కుతో మొదలుపెట్టాడు. తెలుగువాడు గ, ర లతో గొంతులో పెట్టాడు. ఉర్దూవాడు ఇంకాస్త లోపలికి వెళ్లి ఖ, ర లతో గొంతుని గీకాడు. హకీఖత్ చూస్తే మనమే రైట్. గురక పుట్టేది ముక్కులో కాదు. నిద్రలో గొంతు కండరాలు వదులైనప్పుడు, ఇరుకైన దారిలో దూసుకెళ్లే గాలికి అంగిలి వెనక మెత్తటి భాగమూ, కొండనాలుకా రెపరెపలాడితే వచ్చే చప్పుడు అది. కొండనాలుకని ఉర్దూలో కవ్వా అంటారు, అంటే కాకి. మా నానమ్మ ఎవరికైనా గొంతు నొప్పి వస్తే "కవ్వా గిర్ గయా" అని తేల్చేసేది. చిన్నప్పుడు నాకు నిజంగానే గొంతులో కాకి ఉందని, రాత్రిళ్లు అబ్బా గొంతులో అరిచేది అదేనని గట్టి నమ్మకం. తెలుగు డిగ్రీలో చేరాక, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత చదివినప్పుడు, ఈ కాకి ఇక్కడ కొండ ఎక్కిందన్నమాట అనుకున్నాను.

స్నార్ట్ విషయంలో మాత్రం ఇంగ్లీషువాడి చెవి కరెక్ట్. అది ముక్కు దారినే వస్తుంది.

అరబ్బులు ఈ పనిని వెయ్యేళ్ల కిందటే చేసి పెట్టారు. నైషాపూర్‌కి చెందిన సాలబీ, 1038లో వఫాత్ అయిన ఆలిమ్, ఫిఖ్హుల్ లుగా అని ఒక కితాబ్ రాశాడు. దగ్గర దగ్గరగా కనిపించే మాటల మధ్య ఉన్న సన్నటి గీతల్ని చూపించడమే ఆ కితాబ్ పని. అందులో ఊపిరి చప్పుళ్ల లెక్క కూడా ఉంది. నోటి నుంచి వస్తే షఖీర్, ముక్కుపుటాల నుంచి వస్తే నఖీర్, ఛాతీ నుంచి వస్తే కరీర్. చూడండి, మూడు మాటలు, మూడు చోట్లు. ఏది ఎక్కడి నుంచి వస్తోందో చెవి పెట్టి విన్నవాడు మాత్రమే ఇలా పంచగలడు. మన మదర్సాల్లో తజ్వీద్ చదివిన పిల్లాడికి ఇది వింత అనిపించదు. గున్నా ఎక్కడి నుంచి రావాలి అంటే ఖైషూమ్ నుంచి అని ఏడేళ్లవాడు టక్కున చెప్తాడు. ముక్కులో ఏ మూల నుంచి శబ్దం రావాలో ఉస్తాద్ చెవి మెలేసి నేర్పిన ఖౌమ్ మనది. అలాంటి మనం డాక్టరు ముందు కూర్చుని అన్నిటికీ ఖర్రాటే అంటే ఎలా?

ఇంకో మిసాల్ చెప్పకుండా ఉండలేను. సహీ బుఖారీలో, కితాబుల్ ఇల్మ్‌లో ఒక రివాయత్ ఉంది. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చిన్న పిల్లాడిగా ఉన్నప్పుడు తన ఖాలా హజ్రత్ మైమూనా (రజి) ఇంట్లో ఒక రాత్రి గడిపారు. ప్రవక్త (స) రాత్రి నమాజు చేయడం చూశారు, ఎడమ పక్కన నిలబడితే ఆయన కుడి పక్కకు తెచ్చి నిలబెట్టుకున్నారు. నమాజు అయ్యాక ప్రవక్త (స) నిద్రపోయారు, నిద్రలో ఊపిరి చప్పుడు వినిపించింది, తర్వాత లేచి ఫజ్ర్‌కి వెళ్లారు. ఆ చప్పుడు దగ్గరికి వచ్చేసరికి రివాయత్‌లో ఒక మాట కాదు, రెండు మాటలు ఉన్నాయి. గతీత్, లేదా ఖతీత్. రావీకి ఆ రెండింటిలో ఏది విన్నాడో పక్కాగా గుర్తు లేదు. అర్థంలో రెండూ పక్కపక్కనే ఉంటాయని షరహ్ రాసినవాళ్లే అన్నారు. అయినా ఆయన ఒకటి కొట్టేయలేదు. "లేదా" అని పెట్టి రెండూ అప్పగించాడు. ఆ అప్పగింతని తర్వాతి వాళ్లు ఒక్క అక్షరం సర్దకుండా ఇంకొకరికి అప్పగించారు. మా డెస్కులో అయితే స్థలం ఆదా అని ఒకటి లేపేసేవాళ్లం.

సరే, జాన్ మీదికి తెచ్చే సంగతి అన్నాను కదా. అక్కడికి వస్తాను.

గురక ఉన్న ప్రతివాడికీ జబ్బు ఉన్నట్టు కాదు. ముందే చెప్తున్నాను, ఇది చదివి రాత్రికి రాత్రి శౌహర్‌ని లేపి ఆస్పత్రికి తోలొద్దు. కానీ గురక పెట్టేవాళ్లలో కొందరికి గొంతు దారి ఇరుకవ్వడమే కాదు, పూర్తిగా మూసుకుపోతుంది. ఛాతీ, పొట్ట ఊపిరి కోసం ఎగిరెగిరి పడుతుంటాయి, గాలి మాత్రం లోపలికి పోదు. గాలి పోకపోతే చప్పుడూ ఉండదు. అప్పటిదాకా రంపంలా కోసిన గురక ఠక్కున ఆగిపోతుంది. పది సెకన్లు, ఇరవై సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రక్తంలో ఆక్సీజన్ పడిపోతుంది. అప్పుడు దిమాగ్ కంగారుపడి మనిషిని సగం లేపుతుంది. మూసుకున్న దారి ఒక్కసారిగా తెరుచుకుంటుంది. ఖ్ఖుర్ర్ మని గాలి దూసుకుపోతుంది. ఆ దూసుకుపోయే చప్పుడే స్నార్ట్. మళ్లీ గురక మొదలు. మళ్లీ ఆగడం. పడుకున్నవాడికి తెల్లారాక ఏదీ గుర్తుండదు. దీన్నే డాక్టర్లు స్లీప్ అప్నియా అంటారు. గంటలో ఇలా ఐదుసార్ల లోపు అయితే పర్వాలేదంటారు, ముప్ఫై దాటితే తీవ్రమైనదని లెక్క. ఇది ముదిరినవాడికి బీపీ పెరుగుతుంది, గుండెకీ మెదడుకీ ఖత్రా ఉంటుంది, పగలంతా నిద్ర ముంచుకొస్తుంది.

ఇప్పుడు ఫర్ఖ్ అర్థమైందా? స్నోర్ అంటే గాలి ఇబ్బంది పడుతూ అయినా పోతోందని. స్నార్ట్ అంటే అప్పటిదాకా పోలేదని. ఈ రెండూ గురకే అని రాసిపెట్టిన కాగితం, రెండు వేర్వేరు ఖబర్లకి ఒకే హెడ్డింగ్ పెట్టినట్టు.

పైగా మనింట్లో ఏమవుతుంది? గురక ఆగగానే పక్కన పడుకున్న మనిషి "హమ్మయ్య, ఆగింది" అని అటు తిరిగి నిద్రపోతుంది. ఆగినప్పుడే గదా అసలు భయపడాల్సింది!

మా భాయ్‌జాన్ లారీ నడుపుతాడు. కర్నూలు నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి నాగపూరు, ఒక్కోసారి ఇంకా పైకి. మా ఇంట్లో ఆయన పేరు కుంభకర్ణుడు. ఈ విషయంలో హిందూ ముస్లిం తేడా లేదు, మా గల్లీలో పెళ్లికి కూర్చున్నచోట నిద్రపోయే ప్రతివాడూ కుంభకర్ణుడే. దస్తర్‌ఖాన్ ముందు కునుకు, సెలూన్లో గడ్డం మీద సబ్బు ఉండగా కునుకు. డ్రైవర్ నౌకరీ కదా, నిద్ర చాలట్లేదు అనుకున్నాం. జడ్చర్ల దాటాక ఒక తెల్లవారుజామున రోడ్డు దిగి రాళ్లలోకి వెళ్లింది బండి. అల్లా దయ, ఎవరికీ ఏమీ కాలేదు. క్లీనర్ కుర్రాడు మాత్రం మర్నాడే ఇంకో బండికి మారిపోయాడు. వాడి తప్పు లేదు.

ఆస్పత్రికి తీసుకెళ్లాం. పెద్ద ఆస్పత్రే, పేరు అనవసరం. లోపలికి పంపే ముందు ఒక తెలుగు ఫారం ఇచ్చారు. ఇంగ్లీషు నుంచి దించిన ఫారం అని నాకు చూడగానే తెలిసింది, నా రోజీరోటీ అదే కాబట్టి. నాలుగో ప్రశ్న: మీకు నిద్రలో గురక వస్తుందా? ఏడో ప్రశ్న: మీకు నిద్రలో గురకతో మెలకువ వస్తుందా? భాబీ నాలుగోదానికి అవును అంది. ఏడోదానికి భాయ్‌జాన్ ముందే అందుకుని "నా గురకకి నేనెందుకు లేస్తాను, మీరు లేస్తారు గానీ" అన్నాడు. అందరూ నవ్వారు. కాదు అని టిక్కు పడింది. బరువు తగ్గమని, మలక్‌పేట నుంచి కర్నూలు దాకా ఎవరైనా చెప్పగలిగే నసీహత్ ఒకటి చెప్పి పంపేశారు. రెండు నెలలు అలాగే గడిచాయి. ఆ రెండు నెలలూ ఆయన బండి నడిపాడు.

తర్వాత వేరే చోట, అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక చిన్న వయసు డాక్టరమ్మ చూసింది. ఆమె ఫారం ఇవ్వలేదు. భాబీ వైపు తిరిగి, "అక్కా, రాత్రిపూట ఆయన గురక ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపు సడీ చప్పుడూ లేకుండా ఉండి, ఆ తర్వాత ఇలా అంటాడా?" అని తనే కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కసారి ఖ్ఖుర్ర్ మని ఎగబీల్చి చూపించింది. బయట కూర్చున్న పేషెంట్లు తలుపు వైపు చూసి ఉంటారు. భాబీ కుర్చీలోంచి లేచినంత పని చేసింది. "హౌ! ఐసాచ్! బిల్కుల్ ఐసాచ్ కర్తే! దమ్ ఘుట్ కే ఝట్‌కా మార్తే!" అని, మళ్లీ తెలుగులో, "రోజూ అంతేనమ్మా, కల వచ్చిందేమో అనుకుంటా" అంది. పదహారేళ్లుగా ఆమె ప్రతి రాత్రీ విన్న చప్పుడు అది. దానికి పేరు లేదు గనక ఎవరూ అడగలేదు, అడగలేదు గనక ఆమె చెప్పలేదు. నిద్ర పరీక్ష చేస్తే గంటకు 41 సార్లు ఆగుతోందని తేలింది.

ఇప్పుడాయన రాత్రి మాస్కు పెట్టుకుని పడుకుంటాడు. సీప్యాప్ మెషీన్. గొంతు దారి మూసుకుపోకుండా సన్నగా గాలి ఊదుతూ ఉంటుంది. సిడ్నీలో కోలిన్ సలివన్ అనే డాక్టరు 1981లో లోకానికి చూపించిన ఇలాజ్ ఇది. మా పిల్లలు దాన్ని హాథీ కీ సూండ్ అంటారు. లారీలో కూడా పట్టుకెళ్తాడు. కొత్త క్లీనర్‌కి మొదటి రాత్రి దడుపు జ్వరం వచ్చిందట.

నాకు ఆ మొదటి ఆస్పత్రి మీద కోపం లేదు అనను. కానీ అసలు ఖుసూర్ ఆ ఫారం తర్జుమా చేసిన చేతిది. ఏడో ప్రశ్నలో ఇంగ్లీషువాడు అడిగింది గురక గురించి కాదు. ఊపిరి ఆడక, గుటకపడి, స్నార్ట్ చేస్తూ ఉలిక్కిపడి లేస్తారా అని అడిగాడు. తర్జుమా చేసినవాడు డిక్షనరీ తీశాడు, ఒక లఫ్జ్ దొరికింది, పెట్టేశాడు. వాడు రాత్రి పూట ఎవరి పక్కనా చెవి పెట్టి వినలేదు. ఇదే ఫర్ఖ్‌ని పట్టించుకుని తయారుచేసిన ప్రశ్నలు లోకంలో లేవా అంటే ఉన్నాయి. టొరంటోలో 2008లో మొదలైన స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళిలో గురకకి ఒక ప్రశ్న, నిద్రలో ఊపిరి ఆగడం, ఉక్కిరిబిక్కిరి కావడం ఎవరైనా చూశారా అనేదానికి వేరే ప్రశ్న. గురక ఎంత గట్టిది అని అడగడానికి కూడా వాళ్లు కొలతలు పెట్టలేదు. మూసిన తలుపు అవతలికి వినిపిస్తుందా, మంచం మీద పక్కవాళ్లు మోచేత్తో పొడుస్తారా అని అడుగుతారు. ఇంగ్లీషు కూడా ఇంట్లో మాట్లాడే ఇంగ్లీషే అన్నమాట. దాన్ని తెలుగు చేయడానికి పండితుడు అక్కర్లేదు, మోచేతులున్న మనిషి చాలు.

ఇక్కడ ఒక ముప్పు ఉంది. నేనిది ఎక్కడైనా అంటే వెంటనే ఒక మహానుభావుడు లేచి, స్నార్ట్‌కి మంచి పారిభాషిక పదం పుట్టిద్దాం అంటాడు. నాసికాఘోష, నాసాఫూత్కారం. ఉర్దూ వైపు కూడా ఇలాంటి జనాబ్‌లకి కొదవ లేదు, ఫార్సీ నుంచి రెండు ముక్కలు తెచ్చి అతికిస్తారు. నాకు ఈ రెండు మర్జ్‌లూ దగ్గరగా తెలుసు. ఉర్దూ మీడియం స్కూల్లో నేను ఊపిరిని తనఫ్ఫుస్ అని చదువుకున్నాను. తెలుగులోకి వచ్చాక శ్వాసక్రియ అని చదువుకున్నాను. పరీక్షల్లో రెండూ రాశాను, మార్కులూ వచ్చాయి. ఇంట్లో మాత్రం అమ్మీకి ఎప్పుడూ తనఫ్ఫుస్ ఆడకుండా పోలేదు. ఆమెకి దమ్ ఆడేది కాదు. పక్కింటి సుబ్బమ్మ పిన్నికి ఊపిరి ఆడేది కాదు. ఒకరి జబ్బు ఒకరికి అర్థమయ్యేది.

పేరు లేని చప్పుడికి పేరు పుట్టించాలన్న తొందర నాకు లేదు. చప్పుడుని చెప్పండి చాలు. "గురక మధ్యలో ఆగిపోయి, మళ్లీ ఒక్కసారిగా ఊపిరి ఎగబీల్చుకుంటారా?" ఇది తెలుగు. "ఖర్రాటే రుక్ కే, ఫిర్ ఏక్‌దమ్ హడ్‌బడాకే సాఁస్ లేతే క్యా?" ఇది మన దక్కనీ. ఈ రెండు వాక్యాలు రాయడానికి ఏ అకాడెమీ అనుమతీ అక్కర్లేదు. నోటితో చేసి చూపించగలిగితే ఇంకా మేలు, ఆ డాక్టరమ్మలాగా.

పేపర్ల సంగతి కూడా ఒక ముక్క. మత్తుమందుల కేసుల్లో "కొకైన్ పీలుస్తూ పట్టుబడ్డారు" అని రాస్తాం. పీల్చడం అనగానే చదివేవాడికి గంజాయి దమ్ము గుర్తొస్తుంది, పొగ గుర్తొస్తుంది. కొడుకు గదిలో పొగవాసన కోసం వెతికే తల్లికి, పొడి కనిపించినా అనుమానం రాదు. "ముక్కుతో ఎగబీల్చడం" అని రాస్తే ఒక్క మాట ఎక్కువ, అంతే. మన తాతలు ముక్కుపొడుం డబ్బీ తీసి చిటికెడు ఎక్కించిన దేశంలో, నాస్ తీసుకున్న బుజుర్గుల ఇళ్లల్లో, ఈ పనికి మాట దొరక్కపోవడం ఏమిటి?

నవ్వు సంగతి కూడా. పగటి నిద్రపోయేవాణ్ణి చూసి నవ్వడం మన ఒక్కరి అలవాటు కాదు. చార్లెస్ డికెన్స్ 1836లో మొదలుపెట్టిన పిక్విక్ పేపర్స్‌లో జో అని ఒక లావుపాటి నౌకరు కుర్రాడు ఉంటాడు. తలుపు తడుతూ తడుతూనే నిద్రపోతాడు, గురక పెడతాడు. చదివినవాళ్లు నూటఇరవై ఏళ్లు నవ్వారు. 1956లో కొందరు అమెరికన్ డాక్టర్లు, ఊబకాయంతో, పగటి నిద్రతో, ఊపిరి సమస్యతో వచ్చిన పేషెంటుని చూసి, ఆ కుర్రాడు గుర్తొచ్చి, ఆ జబ్బుకి పిక్విక్ పేరు పెట్టారు. అయితే ఇక్కడ ఒక పొరపాటు దారి కూడా ఉంది, లావుగా ఉన్నవాళ్లకే ఇది వస్తుందనుకోవడం. సన్నటివాళ్లకీ వస్తుంది. మా భాయ్‌జాన్ క్లీనర్ మాట ఏమో గానీ, మా గల్లీలో టైలర్ ఖాదర్ చాచా కంటే సన్నటి మనిషి లేడు, ఆయన గురకకి ఆయన కుట్టు మిషన్ సిగ్గుపడాలి.

ఇంకొకరి గురించి ఆలోచిస్తాను. ఒంటరిగా పడుకునేవాళ్లు. ఈ జబ్బు పక్కనున్నవాడి చెవికి తెలిసే జబ్బు. మన ఉమ్మడి ఇళ్లల్లో నలభై దాటాక ఆడవాళ్లు పిల్లలతో ఒక గదిలో, మగవాళ్లు హాల్లోనో మిద్దె మీదో. ఎవరి చప్పుడు ఎవరు వింటారు? భర్త గురక గురించి ఇల్లంతా జోకులేస్తుంది, భార్య గురక గురించి ఎవరూ నోరెత్తరు. ఆడవాళ్లు గురక పెట్టరని మన షరాఫత్ నమ్మకం. దాంతో వాళ్లు డాక్టరు దగ్గర కూడా తల అడ్డంగానే ఊపుతారు. ఇక గల్ఫ్‌లో ఉన్నవాళ్లు. ఒక గదిలో ఆరుగురు, ఎనిమిదిమంది, బంకు మంచాలు. వాళ్ల ఊపిరి కథ ఇంటావిడ కంటే కింది బంకువాడికి బాగా తెలుసు. కరీంనగర్ వాడి దమ్ము ఆగిందని కడప వాడికి తెలుస్తుంది, చెప్పడానికి ఇద్దరికీ కామన్‌గా ఉన్న మాట గురక. "అన్నా, నీ గురకతో చచ్చిపోతున్నాం" అంటాడు. "అన్నా, నీ గురక ఆగుతోంది, నాకు భయమేస్తోంది" అనడు. రెండో వాక్యం అనాలని వాడికి ఎవరూ చెప్పలేదు.

ఫోన్ ఉంది కదా అందరి దగ్గరా. రాత్రి ఒక ఐదు నిమిషాలు వీడియో తీసి డాక్టరుకి చూపిస్తే ఏ తర్జుమా అక్కర్లేదు. పడుకున్న మనిషి ఇజాజత్ మాత్రం పగలే తీసుకోండి. మా భాబీ తీసిన వీడియో మా ఫ్యామిలీ గ్రూపులో పడి, భాయ్‌జాన్ వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

చివరిగా మిమ్మల్ని ఒకటి అడగాలి. ఆగిన ఊపిరి ఒక్కసారిగా తిరిగొచ్చే ఆ చప్పుడుని మీ ఇంట్లో ఏమంటారు? డిక్షనరీ చూసి కాదు. మీ నానమ్మ, మీ దాదీమా, మీ ఊళ్లో గొడ్లు కాసే పెద్దాయన ఏమనేవారో అది. నెల్లూరు, ఆదిలాబాద్, గుంటూరు, మదనపల్లి, జుబైల్, షార్జా, ఎక్కడున్నా సరే. మాట లేకపోతే చప్పుడే రాసి పంపండి, అక్షరాల్లో ఎలా పడితే అలా. ఒక్కచోట పెడదాం. ఆ డాక్టరమ్మకి ఇస్తానని మాటిచ్చాను.